బుద్ధివికాసము కొఱవడిన మనవారు – వారి నిత్యజీవితము

(మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)

నిన్నటినుండి ఈ వేదికపై విద్యార్థి వసతిగృహమును గూర్చియు, సహకారసంఘముల బాకీలను గూర్చియు, నూలు ధరలను గూర్చియు పెద్దలు విపులముగా మాటలాడిరి. మాకు దయచేసిన అరగంటలో మేము మనవి చేయదలచిన విషయము ఇంతవఱకు మన సభలలో వేదిక నెక్కియుండలేదు. అది మన యిండ్ల వెనుకగదులలోనే యుండిపోయినది.

వయసుతోపాటు బుద్ధివికాసము సాగని బిడ్డలు మన కుటుంబములలో నున్నారు. ఇచట కూర్చున్నవారిలో కొందఱి యిండ్లలో నున్నారని మేమెఱుగుదుము. ఆ కొందఱిలో మేమును ఒకరము గనుకనే ఈ సాహసము చేయుచున్నాము.

అట్టివారిని మనము పిచ్చివాడనియు, వెఱ్ఱిబాగులదనియు, కొంచెము దయగలిగిన దినమున అమాయకుడనియు అందుము. మొదట ఒక భేదము తెలియవలసియున్నది. ఉన్మాదము వేఱు, ఇది వేఱు. ఉన్మాదము ఏ వయసుననైనను రాగల వ్యాధి. వైద్యముచే కుదురుట కలదు. ఇది పుట్టుకనుండియో బాల్యమునుండియో యుండు స్థితి. నేర్చుకొనుట, ఆలోచించుట, తన పనులు తాను చక్కబెట్టుకొనుట తోడివారికంటె నెమ్మదిగా సాగును. దీనిని పోగొట్టు మందు లేదు. నేర్పుటకు మాత్రము అవకాశము కలదు. ఆ యవకాశమునకు వయోపరిమితి లేదు. ఈ కడపటి మాట మా యింటికి ముప్పదినాలుగేండ్లు ఆలస్యముగా చేరినది.

కారణములను గూర్చి పెద్దగా చెప్పబోము. కాన్పునందు శిశువునకు ఊపిరి అందకపోవుట, పుట్టిన కొన్నాళ్లకు వచ్చు పచ్చకామెరలు ముదిరిపోవుట, మెదడువాపు జ్వరము, గర్భిణికి అయోడిను చాలకపోవుట, శిశువునకు థైరాయిడ్ లోపించుట - ఇవి కొన్ని. డౌన్ లక్షణము గల బిడ్డలయందు ఇరువదియొకటవ క్రోమోజోము ఒకటి అదనముగా నుండునని 1959లో తెలిసినది. దగ్గఱి మేనరికములవలన వంశపారంపర్యమగు కొన్ని లోపములు బయటపడుటకు అవకాశము హెచ్చునని వైద్యులందురు. ఇది మన పెద్దలు వినవలసిన మాటయే. ఎన్నో సందర్భములలో కారణమిదియని వైద్యులే తేల్చలేరు. తల్లి గ్రహణమునాడు కూర తఱిగినందున వచ్చినదని మాత్రము ఎవరును తేల్చియుండలేదు. ఐనను మా తల్లిగారు జీవితమంతయు ఆ నింద మోసిరి.

మా స్వవిషయము కొంత చెప్పక తప్పదు. చీరాల ప్రాంతమున మాదొక పల్లె. మా కడగొట్టు తమ్ముడు 1975లో పుట్టెను. నాలుగేండ్ల వఱకు నడక రాలేదు, ఏడేండ్ల వఱకు మాట రాలేదు. బడిలో వేయబోగా, తక్కిన పిల్లల చదువు చెడునని త్రిప్పి పంపిరి. ఆనాటినుండి మా తల్లిగారే అతనికి బడియు, ప్రపంచమును. స్నానము చేయించుట, అన్నము కలిపి నోట పెట్టుట, లుంగీ కట్టుట, తల దువ్వుట సర్వము ఆమె చేతులమీదుగా జరిగెను. అతడు చేయి చాచకమునుపే ఆమె మంచినీరందించెడివారు. ఊరివారందఱు ఆహా యేమి తల్లి యనిరి. మేమును అట్లే అనుకొంటిమి.

మా చెల్లెలి పెండ్లిచూపులనాడు మేము చేసిన పని ఈ సభలో చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాము. మగపెండ్లివారు వచ్చునప్పటికి తమ్ముని పొరుగువారి దొడ్డిలో గడ్డివామి చాటున కూర్చుండబెట్టి, చేతికొక బెల్లపుముక్క యిచ్చి, కదలవద్దని చెప్పితిమి. అతడు కదలలేదు. వారు వెడలిపోయిన పిమ్మట మాటలలో పడి అతని సంగతి మఱచితిమి. దీపములు పెట్టువేళ వెదకబోగా అచటనే, బెల్లము చీమలు పట్టగా, కూర్చుండియుండెను. ఆ సంబంధము కుదిరినది. మేము దాచినందున కుదిరినదో, దాచకున్నను కుదిరియుండెడిదో ఇప్పటికిని తెలియదు.

ఎందుకు దాచితిమి? మనకు భయపడి. మఱెవరికిని కాదు. "ఆ యింట ఒక పిచ్చివాడున్నాడట" అను మాట మన సంబంధముల లోకములో ఎంత వేగముగా పోవునో మీ రెఱుగనిది కాదు. మన సంఘము ప్రతి సంవత్సరము వధూవరుల పట్టిక ప్రకటించుచున్నది. ఆ పట్టికలో అన్నదమ్ముల సంఖ్య వ్రాయు చోట కొందఱు ఒకటి తగ్గించి వ్రాయుచున్నారు. మేమును వ్రాసితిమి.

మా తల్లిగారు 2009లో గతించిరి. కర్మకాండలు ముగిసి బంధువులు వెడలిన మఱునాటి యుదయమున తమ్ముడు ఎప్పటివలె దొడ్డిలోని స్నానపు బండమీద చెంబు పట్టుకొని కూర్చుండెను. నీళ్లు తొట్టిలో నున్నవి. చెంబు చేతిలో నున్నది. రెండు ఝాములైనను అట్లే కూర్చుండియుండెను. ముంచి పోసికొనవలెనని అతనికి తోచలేదు, ఏలయన ముప్పదినాలుగేండ్లలో ఆ పని తనదని అతనికెవ్వరును చెప్పలేదు. ఆ దినమున మాకు తెలిసినది, మా తల్లిగారి ప్రేమ అతనికి సర్వము ఇచ్చి ఒక్కటి మాత్రము ఇయ్యలేదని. మేము ఆమెను తప్పుపట్టుటలేదు. ఆమెకు నేర్పువారు లేకపోయిరి, మేము నేర్చుకొని చెప్పలేదు.

మఱుసటి సంవత్సరము అతనిని సికింద్రాబాదు తీసికొనిపోయితిమి. అచట బోయినపల్లి దగ్గఱ మనోవికాసనగరమున 1984లో కేంద్రప్రభుత్వము స్థాపించిన జాతీయసంస్థ కలదు. అతనిని పరీక్షించుటకు వచ్చిన ఉపాధ్యాయురాలు మమ్ము పరీక్షించినారని చెప్పవచ్చును. "చొక్కాకు గుండీలెన్ని? ఒక్కొక్కటి పెట్టునపుడు మీ వ్రేళ్లు ఏమేమి చేయును?" అని యడిగిరి. మేము చెప్పలేకపోయితిమి. మనము నిత్యము చేయు పని ఎన్ని మెట్లుగా నున్నదో మనకే తెలియదు. తెలియనిదానిని ఎట్లు నేర్పుదుము?

పద్ధతి చెప్పెదము, ఎవరికైనను నేడే పనికివచ్చును. ఏ పనినైనను చిన్న చిన్న మెట్లుగా విడదీయవలెను. స్నానమును మా గృహిణి పదునాలుగు మెట్లుగా కాగితముమీద వ్రాసినది. తరువాత మొదటినుండి గాక కడనుండి నేర్పవలెను. చొక్కాకు అయిదు గుండీలున్నచో నాలుగు మనము పెట్టి, అయిదవది సగము దూర్చి, లాగుట మాత్రము అతనికి విడువవలెను. అతడు లాగగానే పని పూర్తియైనది, పూర్తిచేసినవాడు అతడు. కొన్నినాళ్లకు అయిదవది మొత్తము అతనిది. తరువాత నాల్గవది. ఇట్లు వెనుకకు నడువవలెను. ఆది నుండి నేర్పినచో మధ్యలో ఓడిపోయి విడుచును. తుదినుండి నేర్పినచో ప్రతిదినము గెలిచి లేచును.

సాయము చేయు చేయి కూడ క్రమముగా తగ్గవలెను. మొదట అతని చేతిమీద మన చేయి. తరువాత మణికట్టుమీద, తరువాత మోచేతి క్రింద, తరువాత వ్రేలితో సైగ, తరువాత ఒక్కమాట. కడపట ఊరకుండుట. ఈ ఊరకుండుటకంటె కఠినమైన పని మేము జన్మలో చేయలేదు. అతడు మూడవ గుండీని రెండవ కాజాలో పెట్టి తికమకపడుచుండగా చేతులు కట్టుకొని నిలుచుటకు తపస్సు కావలెను. మా గృహిణికి ఆ తపస్సు పట్టువడినది. మాకు ఇంకను పూర్తిగా పట్టువడలేదు.

స్నానము నేర్చుటకు అతనికి నాలుగునెలలు పట్టినది. వీపు రుద్దుకొనుట ఇప్పటికిని రాదు. మన మగవారిలో అది వచ్చినవారు ఎందఱో!

తరువాత మగ్గపుపని. మన యింట చేతులున్నవానికి పని లేకపోవుట యుండదు గదా. కండెలు చుట్టుట నేర్పవలెనని మా గృహిణియే తలచినది. అతడు చిన్ననాటినుండి రాట్నముచెంత గంటలకొలది కూర్చుండి చూచెడివాడు. ఆ చూపును మేము వెఱ్ఱిచూపు అనుకొంటిమి. మొదటి నెలలో నిండిన కండెను కదురునుండి తీసి బుట్టలో వేయుట మాత్రమే అతని పని. తరువాత నిండినప్పుడు రాట్నము ఆపుట. నిండినదో లేదో అతనికి తెలియకుండెను. అందులకు నిండిన కండె యొకటి ఎఱ్ఱరంగు పూసి ఎదుట నిలిపితిమి; దానితో పోల్చి చూచి ఆపెడివాడు. ఎడమచేతి వ్రేళ్లమధ్య నూలును వదలుగాను బిగువుగాను గాక పోనిచ్చుట చాల కాలము పట్టినది. చిలపలకొలది నూలు చిక్కుపడి పాడైనది. పోగు తెగినచో ముడివేయుట నేటికిని రాదు. తెగగానే చేయెత్తును, ఎవరైనను వచ్చి ముడివేసి పోదురు. ఏడాది తిరుగునప్పటికి మా రెండు మగ్గములకు వలయు పేకనూలు కండెలు అతడే చుట్టుచుండెను. అతని కండె మా కండెకంటె సమముగా నుండును. తొందర లేనివాని పని యది.

ఇది మా యింటి వింత యనుకొనవలదు. అమెరికాలో మార్క్ గోల్డ్ అను శాస్త్రజ్ఞుడు, ఏ పనికిని రారని వ్రాసివేయబడిన యువకులకు సైకిలు చక్రపు బ్రేకును పదునైదు భాగములు కూర్చి బిగించుట నేర్పెను. ఆ పరిశోధన 1972లో ప్రకటితమైనది. బ్రేకు భాగములకు ఒకవైపు రంగు పూసి, రంగు కనబడునట్లు అమర్చవలెనని చూపినపుడు వారు మఱింత త్వరగా నేర్చిరి. నేర్వలేనివానియందుగాక నేర్పు విధమునందు లోపము వెదకవలెననియు, ఒక విధము కుదరకున్న వేఱొక విధము ప్రయత్నింపవలెననియు ఆయన మతము. మేము ఎఱ్ఱ కండె నిలిపిననాడు ఆయన పేరు వినియుండలేదు.

ఇంకొక చిత్రము గలదు. ఇట్టి బిడ్డలకొఱకు పుట్టిన పద్ధతులే తక్కిన బిడ్డలకు వెలుగైనవి. ఫ్రాన్సు దేశమున ఇటార్, ఆయన శిష్యుడు సెగ్విన్ వెనుకబడిన పిల్లలకు నేర్పుటకై చేసిన ఉపకరణములను పట్టుకొని మారియా మాంటిసోరి రోమునగరమున అట్టి పిల్లలతోనే పనిచేసినది. పిమ్మట 1907లో మామూలు పిల్లల బడి తెఱచినది. ఆమె 1939లో మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధము ముగియువఱకు మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చినది. నేడు మన పిల్లలను వేలకువేలు పోసి మాంటిసోరి బడులలో చేర్చుచున్నాము. ఆ బడికి మూలమైన బిడ్డలను మాత్రము వెనుకగదిలో నుంచుచున్నాము.

విజయములే చెప్పినచో అబద్ధమగును. కండెల పని వచ్చిన తరువాత ధైర్యము హెచ్చి, అంగడికి పంపుట మొదలుపెట్టితిమి. లెక్క రాదు గనుక, ఒక్క వస్తువునకు సరిపడు పైకము మాత్రమే చేతికిచ్చి, ఆ వస్తువు బొమ్మగల చీటీ యిచ్చి పంపెడివారము. అంగడివాడు మంచివాడు, బజారు కుఱ్ఱవాండ్రు మంచివారు కారు. చీటీ లాగికొని పరుగెత్తించెడివారు. వారిలో సగము మనవారి పిల్లలే. 2013లో ఒకనాడు అతడు అంగడిదగ్గఱ ఆగియున్న చీరాల బస్సెక్కి పోయెను. రాత్రి తొమ్మిది గంటలకు బస్సునిలయములో దొరికెను. ఏడ్చుచుండునని తలచి పరుగెత్తిన మాకు, ఒక వృద్ధురాలి మూటకు కాపలా కూర్చుండి కనబడెను.

ఆ దినముతో భయపడి అతనిని గడప దాటనీయలేదు. ఆఱునెలలు. ఆ ఆఱునెలలలో అతడు కండెలు చుట్టుట మానెను, గుండీలు పెట్టుకొనుట మానెను, బండమీద మరల చెంబు పట్టుకొని కూర్చుండుట మొదలుపెట్టెను. మేము అతనిని ప్రమాదమునుండి కాపాడితిమనుకొంటిమి. మా గృహిణి అడిగినది: "మీరు చీరాలలో దారి తప్పలేదా? మిమ్ము నెవరు కట్టివేసిరి?" అటుపిమ్మట పేరును, ఊరును, ఫోను నంబరును వ్రాసిన బిళ్ల మెడలో వేసి మరల పంపితిమి. బస్సులవారికిని, అంగడులవారికిని చెప్పియుంచితిమి. ఊరంతయు కొంచెము కనిపెట్టి చూచినచో ఒక్కనిని ఇంట కట్టివేయ నక్కఱలేదు. బెల్జియము దేశమున గీల్ అను పట్టణము కలదు. అచటి గృహస్థులు కొన్ని శతాబ్దములుగా మతిచెడినవారిని, బుద్ధి చాలనివారిని తమ యిండ్లలో నుంచుకొని, పొలము పనులలోను ఇంటిపనులలోను కలుపుకొనుచున్నారు. ఊరివారు పుణ్యాత్ములై చేయుచున్నారని మే మనుకొనము. చూచి చూచి అలవాటుపడినారు. ఆ అలవాటే మనకు కావలసినది.

చట్టము మనకంటె ముందు నడచినది. 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము, నలువది శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డకు ఆఱేండ్లనుండి పదునెనిమిదేండ్ల వఱకు, దగ్గఱి బడిలోగాని కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువు చెప్పవలెననుచున్నది. నలుగురి యెదుట అట్టివారిని బుద్ధిపూర్వకముగా అవమానించినవారికి ఆఱునెలలకు తగ్గకుండ అయిదేండ్ల వఱకు చెఱ విధించుచున్నది. బజారు కుఱ్ఱవాండ్ర తండ్రులు ఈ మాట చెవిని వేసికొందురు గాక.

మఱియొకటి మనలో చాలమందికి తెలియదు. బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండగానే, బుద్ధి ఎంత కొఱవడినను, అతడు చట్టరీత్యా పెద్దవాడు. తలిదండ్రులు సంరక్షకులుగా తమంతట తాము నిలువరు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద ప్రతి జిల్లాలో కలెక్టరు పెద్దగా నుండు స్థానికసంఘము కలదు. సంరక్షకుని నియమింపుమని అచట దరఖాస్తు చేయవలెను. ఆ ట్రస్టువారి నిరామయ పథకమున లక్ష రూపాయల వఱకు ఆరోగ్యభీమా కలదు. సంరక్షకుడనగా యజమాని యని మాత్రము తలపవలదు. మా తమ్ముని పింఛను, 2024 జులై నుండి నెలకు ఆఱువేల రూపాయలు, ఒకటవ తేదీని ఇంటికి తెచ్చి యిత్తురు. చాలకాలము ఆ పైకము అతనిని అడుగకయే మేము ఖర్చుపెట్టితిమి. ఇప్పుడు మొదట అతనిచేతికిచ్చి, ఏమి కావలెనని యడుగుదుము. ప్రతినెల చొక్కా యనును. రెండు చొక్కాలు ఎదుట పెట్టినచో వ్రేలుపెట్టి చూపును. ఎప్పుడును పచ్చనిదే. అతనికి పచ్చరంగు ఇష్టమని నలువది యేండ్లు తెలియక, మా కిష్టమైన తెల్లనివి తొడిగితిమి.

"మా తరువాత ఎవరు?" అని ప్రతి తల్లియు రాత్రివేళ అడుగుకొనుచున్న ప్రశ్నకు మేము పూర్తిగా ఉత్తర మీయలేము. మాకు డెబ్బదియేండ్లు సమీపించుచున్నవి. మమ్మును అది నిద్రపోనీయదు. ఐనను స్నానము చేసికొని, చొక్కా తొడుగుకొని, దినమునకు ఇన్ని కండెలు చుట్టగలవానిని చేరదీయుటకు మా కుమారుడు భయపడుటలేదు. అంతవఱకు మేము చూచితిమి.

సంఘమువారిని కోరునవి పెద్దవి కావు. వధూవరుల పట్టికలో తోబుట్టువుల సంఖ్య నిజముగా వ్రాయించుడు. అట్టి తోబుట్టువున్నదని సంబంధము త్రోసిపుచ్చువారిని పెద్దలు పిలిచి మాటలాడుడు. ఏడాది కొకసారియైనను సికింద్రాబాదునుండిగాని దగ్గఱి జిల్లా కేంద్రమునుండిగాని నేర్పుగల ఉపాధ్యాయిని పిలిపించి, మన భవనములో తల్లులకు ఈ మెట్ల పద్ధతి చూపింపుడు. సహకారసంఘములయందు కండెలకును ఆసుపనికిని ఇట్టివారిని పెట్టుకొని, చేసినంత పనికి తక్కినవారి రేటే యియ్యుడు. దయచేసి దానమీయవలదు. ఇకమీదట సభకు కుటుంబముతో వచ్చునపుడు వారిని ఇంట తాళము వేసి రావలదు.

మా తమ్ముడు ఈ సభకు వచ్చినాడు. వెనుకవరుసలో పచ్చచొక్కా తొడిగినవాడు అతడే. మధ్యాహ్నభోజనములకు మూడవ పంక్తిలో విస్తళ్లు వేయు పని ఆహ్వానసంఘమువారు అతనికి ఇచ్చినారు. అందులకు వారికి మా కృతజ్ఞతలు. అతడు ఒక్కొక్క ఆకు వేసి, కొన ఎడమవైపున నున్నదో లేదో చూచుకొని గాని రెండవ ఆకు తీయడు. ఆ పంక్తివారికి కొంచెము ఆలస్యమగును. ఆకు మీరు అందుకొనవలదు.